అందుకున్న వజీఫా, తీర్చిన బాకీ: ఆచార్య ప్రఫుల్ల చంద్ర రాయ్

ఇలాంటి సంచికల్లో సర్ సయ్యద్ గురించో, మౌలానా ఆజాద్ గురించో, డాక్టర్ జాకిర్ హుస్సేన్ గురించో రాయడం మనకు అలవాటు. ఈసారి ఒక బెంగాలీ హిందూ రసాయన శాస్త్రజ్ఞుని జీవితం ఎందుకు ఎంచుకున్నారని కొందరు మిత్రులు మమ్మల్ని అడగవచ్చు. దానికి జవాబు చదువరులకు ముందే చెప్పుకోవడం మంచిది. మన సంఘం ఏటా పేద విద్యార్థులకు వజీఫాలు ఇస్తుంది. దరఖాస్తులు పరిశీలించే రోజున కమిటీలో ఎప్పుడూ రెండే రెండు ప్రశ్నలు లేస్తాయి. ఎవరికి ఇవ్వాలి అనేది మొదటిది. తీసుకున్నవాడు మళ్ళీ మన మొహం చూస్తాడా అనేది రెండవది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్క మనిషి జీవితంలోనే దొరికితే, ఆ మనిషి ఏ మతం వాడైతే ఏం?

ప్రఫుల్ల చంద్ర రాయ్ 1861 ఆగస్టు 2న రాఢూలీ అనే గ్రామంలో జన్మించారు. అప్పుడది జెస్సోర్ జిల్లా, తరువాత ఖుల్నా జిల్లా అయింది, ఇప్పుడు బంగ్లాదేశ్ లో ఉన్నది. తండ్రి హరీశ్ చంద్ర రాయ్ జమీందారు. ఆయన ఫార్సీ బాగా చదువుకున్నవారు, హాఫిజ్ దీవాన్ అంటే ప్రాణం. ఆ రోజుల్లో బెంగాల్ లోని పెద్దింటి హిందువులు ఫార్సీ చదవడం వింతేమీ కాదు, ఇవాళ మన పిల్లలకు చెబితే వింతగా చూస్తారు. ఆ ఇంట్లో సంస్కృతం, ఫార్సీ, ఇంగ్లీషు మూడు భాషల పుస్తకాలూ ఉండేవి. తండ్రి తన ఊళ్ళో బడి కూడా పెట్టించారు, ఈ పిల్లవాడి మొదటి చదువు అక్కడే.

పిల్లల చదువు కోసం 1870లో కుటుంబం కలకత్తా వచ్చింది. హేర్ స్కూల్లో చేరిన కుర్రవానికి 1874లో జిగట విరేచనాలు పట్టుకుని బడి మాన్పించవలసి వచ్చింది. రెండేళ్ళు ఇంట్లోనే. అరుగుదల లేని కడుపు, నిద్ర పట్టని రాత్రులు చనిపోయేదాకా ఆయన్ని వదలలేదు. అయితే ఆ రెండేళ్ళలోనే తండ్రిగారి పుస్తకాల బీరువా ఖాళీ చేశారు, లాటిన్ భాష తనంతట తానే మొదలుపెట్టారు. బడి మానడం అంటే చదువు మానడం కాదని మేము మా పిల్లలకు చెప్పేటప్పుడు ఈ సంగతే చెబుతుంటాము. టైఫాయిడ్ వచ్చి నెల రోజులు రాకపోతే ఇక ఆ ఏడాది పోయిందని తల్లిదండ్రులు పేరు కొట్టించేస్తారు మరి.

తరువాత ఆల్బర్ట్ స్కూల్, ఆపైన విద్యాసాగర్ గారి మెట్రోపాలిటన్ కాలేజి. అక్కడ సైన్సు చెప్పే వసతి లేదు. అందుచేత ప్రెసిడెన్సీ కాలేజీకి బయటి విద్యార్థిగా వెళ్ళి అలెగ్జాండర్ పెడ్లర్ గారి రసాయన పాఠాలు వినేవారు. పెడ్లర్ గారు పాఠం చెబుతూ చేసి చూపించే ప్రయోగాలు చూసి ఈ కుర్రవాడు ఒక స్నేహితునితో కలిసి ఇంట్లో చిన్న ప్రయోగశాల పెట్టుకున్నారు. ఇంతలో తండ్రి ఆస్తి కరగడం మొదలయింది. అప్పులు పెరిగాయి. ఇంగ్లండు వెళ్ళి చదవాలని కోరిక ఉన్నా డబ్బు పెట్టే స్థితి ఇంట్లో లేదు. మిగిలిన దారి ఒక్కటే, గిల్ క్రిస్ట్ వజీఫా.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఉర్దూ చదివినవారెవరికైనా గిల్ క్రిస్ట్ అన్న పేరు వినగానే చెవులు నిక్కపొడుచుకుంటాయి. అవును, ఆ గిల్ క్రిస్టే. ఎడింబరో నగరంలో పుట్టి, కంపెనీ వారి కొలువులో డాక్టరుగా మన దేశం వచ్చి, హిందుస్తానీ నేర్చుకుని, దానికి నిఘంటువు, వ్యాకరణం రాసిన జాన్ బోర్త్ విక్ గిల్ క్రిస్ట్. 1800లో కలకత్తాలో ఫోర్ట్ విలియం కాలేజి పెట్టినప్పుడు హిందుస్తానీ శాఖకు మొదటి అధ్యాపకుడు ఆయనే. మీర్ అమ్మన్ చేత 'బాగ్ ఓ బహార్' రాయించినది ఆయనే. మా తరగతి గదుల్లో ఉర్దూ వచనం చరిత్ర ఆ పేరుతోనే మొదలవుతుంది. ఆయన 1841లో చనిపోతూ తన ఆస్తి విద్యాభివృద్ధికి రాసిపెట్టాడు. వీలునామా మీద ఏళ్ళ తరబడి దావాలు నడిచి, చివరకు 1865 ప్రాంతంలో గాని ట్రస్టు పని మొదలు కాలేదు. ఆ ట్రస్టు ఇచ్చే వజీఫాల్లో భారతీయ విద్యార్థులకు కేటాయించినవి కొన్ని ఉండేవి. ఉర్దూ వ్యాకరణం రాసిన మనిషి సొమ్ము ఒక బెంగాలీ కుర్రవాని రసాయన శాస్త్రానికి పెట్టుబడి అయిందని మేము చదివిన రోజున చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాము.

ఆ పరీక్ష లండన్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ స్థాయిలో ఉండేది. దేశమంతటికీ ఒకే పోటీ. కనీసం నాలుగు భాషలు వచ్చి ఉండాలి. రాయ్ గారు ఇంగ్లీషు, సంస్కృతం, లాటిన్, ఫ్రెంచి చదువుకున్నారు. ఓడిపోతే నలుగురూ నవ్వుతారని, ఇంట్లో ఒకరిద్దరికి తప్ప ఎవరికీ చెప్పకుండా తయారయ్యారు. 1882లో ఫలితం వచ్చింది. నెగ్గినవారు ఇద్దరే, ఒకరు బొంబాయి పారసీ యువకుడు, రెండవవారు మన ప్రఫుల్ల చంద్ర. ఆ ఏడాదే ఓడ ఎక్కారు.

ఎడింబరోలో రసాయన శాస్త్రాచార్యుడు అలెగ్జాండర్ క్రమ్ బ్రౌన్. గొప్ప పండితుడు. అణువుల్లో పరమాణువులు ఎలా కలిసి ఉంటాయో బొమ్మలు గీసి చూపే పద్ధతికి మెరుగులు దిద్దినవాడు. రాయ్ గారు ఆయన శిష్యులై 1885లో బి.ఎస్సి. పూర్తి చేశారు. ఆ ఏడాదే ఒక తమాషా జరిగింది. సిపాయీల తిరుగుబాటుకు ముందు, తరువాత భారతదేశం అనే విషయం మీద ఒక వ్యాస పోటీకి విశ్వవిద్యాలయం బహుమతి ప్రకటించింది. రసాయనం చదివే కుర్రవాడు ప్రయోగశాల పక్కన పెట్టి చరిత్ర పుస్తకాలు తిరగేశాడు. బ్రిటిషు పరిపాలనను గట్టిగా విమర్శిస్తూ వ్యాసం రాశాడు. బహుమతి మరొకరికి వెళ్ళింది. అయినా పరీక్షకులు ఆ వ్యాసాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయారు, రాయ్ గారు దాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించుకున్నారు. వాళ్ళ వజీఫా తింటూ వాళ్ళనే విమర్శించడం సబబా అని మన వాళ్ళలో పెద్దలు కొందరు అడుగుతారు. వజీఫా చదువుకు ఇచ్చినది, నోరు మూసుకోవడానికి ఇచ్చినది కాదు అని మా అభిప్రాయం.

1887లో డి.ఎస్సి. వచ్చింది. రాగి, మెగ్నీషియం తరగతికి చెందిన జంట సల్ఫేటు లవణాల మీద ఆయన సిద్ధాంత వ్యాసం. దానితోపాటు హోప్ బహుమతి కూడా లభించింది. గిల్ క్రిస్ట్ వజీఫా గడువు తీరిపోతున్న సమయంలో ఈ బహుమతి సొమ్ము అక్కరకు వచ్చి, మరొక ఏడాది అక్కడే ఉండి పరిశోధన చేసుకోగలిగారు. విశ్వవిద్యాలయ కెమికల్ సొసైటీకి ఉపాధ్యక్షుడుగా కూడా విద్యార్థులు ఆయన్ని ఎన్నుకున్నారు.

ఈ హోప్ బహుమతికి ఒక కథ ఉంది. అది చెప్పకపోతే మా వ్యాసం సగమే. థామస్ చార్లెస్ హోప్ ఎడింబరోలో పాత రసాయనాచార్యుడు. నీరు నాలుగు డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుందని మేము బడిలో చూపించే ప్రయోగం ఆయన పేరు మీదే ఉంది. ఆయన 1826లో ఎడింబరో పట్టణపు స్త్రీల కోసం ప్రత్యేకంగా ఉపన్యాసాలు ఇచ్చాడు. స్త్రీలు గుంపులుగా వచ్చి రుసుము చెల్లించి విన్నారు. ఆ సొమ్ముతోనే రసాయన విద్యార్థులకు నిధి ఏర్పాటు చేశాడు. అంటే ఆ నిధికి మూలధనం ఆడవాళ్ళ డబ్బు. తరువాత 1869లో సోఫియా జెక్స్ బ్లేక్ తదితరులు కొద్దిమంది స్త్రీలు వైద్యం చదవడానికి ఎడింబరోలో చేరారు. వారిలో ఈడిత్ పీచీ అనే ఆమె 1870లో రసాయన పరీక్షలో మూడవ స్థానంలో నిలిచింది. ఆమె పైన ఉన్న ఇద్దరూ ఆ పాఠం అంతకుముందే ఒకసారి చదివినవారు గనుక నిబంధన ప్రకారం హోప్ వజీఫా ఆమెకే దక్కాలి. ఆచార్య క్రమ్ బ్రౌన్ ఇవ్వలేదు. స్త్రీలకు పాఠం వేరే గంటలో చెప్పాము గనుక ఆమె ఆ తరగతి విద్యార్థిని కాదని సాకు చెప్పి, ఆమె కన్నా తక్కువ మార్కులు వచ్చిన మగపిల్లలకు ఇచ్చాడు. ఇంగ్లండు పత్రికలు కూడా ఇదేం న్యాయమని రాశాయి. ఆ పీచీయే డాక్టరై 1883లో బొంబాయి వచ్చి, కామా ఆస్పత్రిలో మన దేశపు స్త్రీలకు వైద్యం చేసింది.

పదిహేడేళ్ళ తరువాత అదే క్రమ్ బ్రౌన్ శిష్యునికి, తెల్లవాడు కానివానికి, దొరల పాలనను విమర్శించిన కుర్రవానికి హోప్ బహుమతి వచ్చింది. మనుషులు మారతారా? లేక తీర్పు చెప్పేవారికి ఒకరి విషయంలో కనబడిన న్యాయం మరొకరి విషయంలో కనబడదా? మేము చెప్పలేము. ఒకటి మాత్రం తెలుసు. నిధి పెట్టినవాని మనసు ఎంత మంచిదైనా, పేర్ల జాబితా రాసే చెయ్యి వంకరైతే ఆ నిధి అంతా వంకరే. మా విద్యార్థి ఒకనికి ఒకసారి వజీఫా రాలేదు. బడి రికార్డులో షేక్ అని, ఆదాయ పత్రంలో షైక్ అని ఉన్నదట. మార్కులు ఎవరూ చూడలేదు. ఏ ఆఫీసు అన్నది ఇక్కడ అనవసరం.

అన్నట్టు హోప్ బహుమతి మన హైదరాబాదుకు కూడా చుట్టమే. రాయ్ గారి కంటే ముందే 1870లలో ఎడింబరోలో రసాయనంలో డి.ఎస్సి. చేసి, హోప్ బహుమతి పొందిన మరొక బెంగాలీ ఉన్నారు. ఆయనే అఘోరనాథ్ చట్టోపాధ్యాయ గారు. ఆయన నిజాం సంస్థానానికి వచ్చి, తరువాత నిజాం కాలేజి అయిన విద్యాలయానికి పునాది వేశారు. ఆయన కుమార్తె సరోజినీ దేవి. ఆమె 1895లో ఇంగ్లండు వెళ్ళి చదువుకున్నది నిజాం ప్రభువు ఇచ్చిన వజీఫాతోనే. ఇచ్చినవారిది ఒక మతం, తీసుకున్నవారిది ఒక మతం. ఆ రోజుల్లో దాన్ని ఎవరూ లెక్కపెట్టినట్టు లేదు.

రాయ్ గారు 1888లో స్వదేశం తిరిగి వచ్చారు. చేతిలో డి.ఎస్సి. పట్టా, పెద్దపెద్ద ఆచార్యుల సిఫారసు ఉత్తరాలు. ఉద్యోగం మాత్రం లేదు. పై తరగతి విద్యాశాఖ ఉద్యోగాలు దొరలకు, కింది తరగతివి మన వాళ్ళకు అన్న కాలమది. సుమారు ఏడాదిపాటు ఖాళీగా ఉండి, స్నేహితుడు జగదీశ్ చంద్ర బోస్ గారి ఇంట్లో తలదాచుకున్నారు. 1889లో ప్రెసిడెన్సీ కాలేజీలో తాత్కాలిక అసిస్టెంటు ప్రొఫెసరు ఉద్యోగం దొరికింది, నెలకు 250 రూపాయలు. ఆయన కన్నా చదువు తక్కువైన దొరలకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ అన్యాయం ఆయన మనసులో జీవితాంతం ఉండిపోయింది. దాన్ని ఆయన కక్షగా మార్చుకోలేదు, శిష్యులను తయారు చేసే పనికి వాడుకున్నారు.

పరిశోధనల సంగతి క్లుప్తంగా చెబుతాము. 1895లో చల్లని పలుచని నత్రికామ్లంలో పాదరసం వేసి ఒక లవణం చేయబోగా, అనుకోకుండా పసుపుపచ్చని స్ఫటికాలు ఏర్పడ్డాయి. పరీక్షించి చూస్తే అది మెర్క్యురస్ నైట్రైట్ అనే కొత్త పదార్థం. మరుసటి ఏడు ఆ సంగతి అచ్చయి ఆయన పేరు విదేశాలకు పాకింది. నైట్రైట్ల మీదే తరువాత ఎన్నో ఏళ్ళు పని చేశారు.

బెంగాల్ కెమికల్స్ కథ మాత్రం కొంచెం విప్పి చెప్పాలి, ఎందుకంటే దాన్లో మన వాళ్ళు కూడా ఉన్నారు. చదువుకున్న కుర్రవాళ్ళంతా గుమాస్తా ఉద్యోగాల కోసం తిరగడం చూసి, మందులు మనమే తయారు చేసుకోవాలని రాయ్ గారు తన అద్దె ఇంట్లోనే పని మొదలుపెట్టారు. ఎముకల నుంచి ఫాస్ఫేటు తీయాలని రాజాబజారు కసాయివాళ్ళ దగ్గర పచ్చి ఎముకలు బస్తాలకొద్దీ కొని డాబా మీద ఎండబెట్టారు. వాన కురిసింది. ఎముకలకు పురుగు పట్టింది, కాకులు చేరాయి, ముక్కలు ఎత్తుకెళ్ళి ఇరుగుపొరుగు హిందువుల ఇళ్ళమీద పడేశాయి. ఇక చూడండి గొడవ! చివరకు ఎముకలు అక్కడినుంచి తరలించి కాల్చి బూడిద చేసుకోవలసి వచ్చింది. సుమారు ఏడెనిమిది వందల రూపాయల స్వంత సొమ్ముతో 1892లో మొదలైన ఆ సంస్థ 1901లో లిమిటెడ్ కంపెనీ అయింది. జమీందారు బిడ్డ కసాయి అంగడి దగ్గర ఎముకలు బేరమాడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కులం కట్టుబాట్లంటే ఆయనకు మొదటినుంచీ గిట్టేది కాదు.

1902లోను, 1909లోను రెండు భాగాలుగా ఆయన హిందూ రసాయన శాస్త్ర చరిత్ర రాశారు. పేరు అలా ఉన్నా దాన్లో మనకు కావలసిన సంగతులు చాలా ఉన్నాయి. బాగ్దాదు ఖలీఫాల కాలంలో చరకుని, సుశ్రుతుని గ్రంథాలు అరబ్బీలోకి ఎలా వెళ్ళాయో చర్చించారు. అల్ బెరూనీ మన దేశపు రసవాదుల గురించి రాసినది సాక్ష్యంగా తీసుకున్నారు. చేతితో పని చేసేవారిని తక్కువ కులమని దూరం పెట్టడం వల్లే ఈ దేశంలో సైన్సు చచ్చిపోయిందని నిర్మొహమాటంగా రాశారు. దాన్లో ఆయన ఎంతో ప్రాముఖ్యం ఇచ్చిన పేరు నాగార్జునుడు. మన నాగార్జునకొండ పేరు ఆయనదే. బౌద్ధాచార్యుడైన నాగార్జునుడు, రసవాది నాగార్జునుడు ఒకరేనా వేరువేరా అని పండితులు తర్కిస్తారు, అది వారి పని.

1916లో ప్రెసిడెన్సీ కాలేజి నుంచి పదవీ విరమణ చేసి, కొత్తగా వెలసిన యూనివర్సిటీ సైన్సు కాలేజీలో రసాయనశాఖకు పాలిత్ ప్రొఫెసరుగా చేరారు. ఆ కాలేజి తారకనాథ్ పాలిత్, రాస్ బిహారీ ఘోష్ అనే ఇద్దరు వకీళ్ళ దానంతో లేచినది. ఇక్కడినుంచే మా అసలు విషయం. 1921లో ఆయనకు అరవై ఏళ్ళు నిండాయి. ఆ రోజునుంచి తన నెల జీతం మొత్తం విశ్వవిద్యాలయానికే వదిలేశారు. రసాయన శాఖ అభివృద్ధికి, పరిశోధక విద్యార్థుల ఫెలోషిప్పులకు ఖర్చు పెట్టమన్నారు. ఒక నెల కాదు, ఒక ఏడాది కాదు, 1936లో పని విరమించేదాకా పదిహేనేళ్ళు అదే పద్ధతి. పెళ్ళి చేసుకోలేదు. పిల్లలు లేరు. సైన్సు కాలేజి మేడ మీద ఒక్క గదిలో కాపురం. ఇనప మంచం, పుస్తకాలు, అంతే సామాను. ఆ గదిలో కూడా ఒంటరిగా ఉండేవారు కాదు. అన్నం దొరకని విద్యార్థులు కొందరు ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండేవారు.

1922లో పదివేల రూపాయలు మూలధనంగా ఇచ్చి, రసాయనంలో ఉత్తమ పరిశోధనకు నాగార్జున బహుమతి ఏర్పాటు చేశారు. తరువాత మరో పదివేలు ఇచ్చి జంతు, వృక్ష శాస్త్రాల పరిశోధనకు ఆశుతోష్ ముఖర్జీ గారి పేరిట బహుమతి పెట్టారు. గమనించండి, తన పేరు దేనికీ పెట్టుకోలేదు. ఒకటి పూర్వకాలపు రసవాది పేరు, ఒకటి యూనివర్సిటీని నిలబెట్టిన వైస్ ఛాన్సలరు పేరు. మన ఊళ్ళో ఒక సీలింగు ఫ్యాను ఇచ్చినా రెక్కల మీద దాత పేరు రాయిస్తాము. ఫ్యాను తిరుగుతుంటే ఆ పేరు ఎవరికీ కనబడదు కూడా!

వజీఫా వేరు, ఇనాము వేరు. పని చేయకముందు, చేయగలడన్న నమ్మకం మీద ఇచ్చేది వజీఫా. పని చేశాక, చేసినందుకు ఇచ్చేది ఇనాము. గిల్ క్రిస్ట్ సొమ్ము మొదటి రకం, హోప్ సొమ్ము రెండో రకం. రాయ్ గారు రెండూ తీసుకున్నారు, రెండూ తిరిగి ఇచ్చారు. ఒకటి ఫెలోషిప్పుల రూపంలో, ఒకటి నాగార్జున బహుమతి రూపంలో. గిల్ క్రిస్ట్ ట్రస్టు వారు ఆయన్ని అప్పు తీర్చమని అడగలేదు, పత్రం రాయించుకోలేదు. అదొక అమానత్ అని ఆయనే అనుకున్నట్టున్నారు. ఇనాము మాత్రమే పెట్టి వజీఫా పెట్టకపోతే ఆకలితో ఉన్న తెలివైనవాడు పరీక్షదాకా రానే రాడు. మన సంఘం సంవత్సరం చివర కప్పులు, షీల్డులు పంచడానికి చూపే ఉత్సాహం సంవత్సరం మొదట ఫీజులు కట్టడానికి చూపితే బాగుంటుందని మేము కమిటీలో కూడా అన్నాము. ఇక మూలధనం బ్యాంకులో వేసి వడ్డీతో బహుమతులు ఇవ్వడం మనకు కుదరదు గదా అంటే, అది వేరే చర్చ. మన వక్ఫులకు అద్దెలు, కౌళ్ళు ఉన్నాయి.

వక్ఫు మాట వచ్చింది గనుక హాజీ ముహమ్మద్ మొహ్సిన్ గారిని తలుచుకోక తప్పదు. హుగ్లీకి చెందిన ఈ దాత 1812లో పరమపదించే ముందే తన ఆస్తినంతా వక్ఫు చేశారు. ఆ సొమ్ముతో 1836లో హుగ్లీ కాలేజి పెట్టారు. అక్కడ చదివినవారిలో ఎక్కువమంది హిందువులే. 1873లో గాని ఆ నిధి ముస్లిం విద్యార్థుల ఫీజులకు ప్రత్యేకంగా మళ్ళలేదు. హాజీ గారి డబ్బుతో హిందువులు చదువుకుంటే, రాయ్ గారి చేతికింద ముస్లింలు చదువుకున్నారు. తరువాత బెంగాల్ ప్రధాని అయిన ఎ.కె. ఫజ్లుల్ హక్ గారు ప్రెసిడెన్సీ కాలేజీలో రాయ్ గారి శిష్యుడే. ఆయన చదివినది కూడా రసాయనం, భౌతికం, గణితం.

అయితే మేము ముఖ్యంగా చెప్పదలచుకున్న షాగిర్దు మరొకరు. ముహమ్మద్ కుద్రత్ ఎ ఖుదా. 1900లో బీర్భూం జిల్లా మార్ గ్రామ్ లో ఒక పీర్ల కుటుంబంలో పుట్టారు. కలకత్తా మదరసాలో చదివి 1918లో మెట్రిక్ పాసయ్యారు. మదరసా నుంచి రసాయన ప్రయోగశాలకు వచ్చినవాడన్న మాట! ప్రెసిడెన్సీ కాలేజీలో చేరి, ఎం.ఎస్సి. రసాయనంలో మొదటి తరగతిలో మొదటివాడుగా నిలిచారు. ఆ ఫలితం వెలువడే ముందు, ఈ ముస్లిం కుర్రవానికి మొదటి తరగతి ఇవ్వవద్దని అధ్యాపకులు కొందరు రాయ్ గారిని కోరారని, ఆయన ససేమిరా ఒప్పుకోలేదని బెంగాల్ లో చెప్పుకుంటారు. కుర్రవాడు సంపాదించినది కుర్రవానికే అని ఆయన పట్టు. ఎడింబరోలో ఈడిత్ పీచీ కథ రాయ్ గారికి ఎంతవరకు తెలుసో మనం చెప్పలేము గాని, కలకత్తాలో తన వంతు వచ్చినప్పుడు జాబితా రాసే చెయ్యి వంకర పోలేదు. ప్రభుత్వ వజీఫా మీద కుద్రత్ ఎ ఖుదా లండన్ వెళ్ళి 1929లో డి.ఎస్సి. పట్టాతో తిరిగి వచ్చారు.

రాయ్ గారు గదిలో కూర్చుని శిష్యులను తయారు చేయడంతో సరిపెట్టుకోలేదు. 1921లో ఖుల్నాలో కరువు వచ్చినప్పుడు, 1922లో ఉత్తర బెంగాల్ ను వరదలు ముంచెత్తినప్పుడు జోలె పట్టి చందాలు వసూలు చేశారు. వరదలో నష్టపోయిన పల్లెల్లో ఎక్కువమంది ముస్లిం రైతులే. సైన్సు కాలేజి భవనమే సహాయక సంఘం ఆఫీసు అయింది. తరగతి గదుల్లో బియ్యం మూటలు, పాత బట్టల గుట్టలు. పరిశోధక విద్యార్థులు గాజు గొట్టాలు వదిలి మూటలు కట్టారు. 1923లో, జామియా మిల్లియా ఇంకా అలీగఢ్ లోనే ఉన్న రోజుల్లో, దాని స్నాతకోత్సవ ఉపన్యాసం ఇచ్చినది కూడా రాయ్ గారే. సర్కారు సహాయం వదులుకుని గుడారాల్లో మొదలైన ఆ బడికి, సర్ బిరుదు ఉన్న ఆచార్యుడు ఖద్దరు వేసుకుని వెళ్ళాడు. మాతృభాషలో సైన్సు చెప్పాలన్నది ఆయన పాత వాదం, బెంగాలీలో పిల్లలకు జంతుశాస్త్రం పుస్తకం ఆయనే రాశారు. ఉస్మానియాలో 1918 నుంచి ముప్పై ఏళ్ళు రసాయనం ఉర్దూలో చెప్పిన సంగతి తెలిసిన మాకు ఆ వాదం కొత్తగా అనిపించదు. మా విద్యార్థులు మాత్రం ఆమ్లం, క్షారం, తేజాబ్, యాసిడ్ నాలుగు మాటలూ కంఠతా పట్టి, ఒక్కటి కూడా సీసాలో చూడకుండా పది పాసవుతున్నారు.

1924లో ఇండియన్ కెమికల్ సొసైటీ ఏర్పడితే మొదటి అధ్యక్షుడు ఆయనే. అప్పటికే ఆయన శిష్యుల్లో మేఘనాద్ సాహా, జ్ఞాన చంద్ర ఘోష్, నీల రతన్ ధర్ వంటివారు దేశమంతటా పేరు తెచ్చుకున్నారు. వీరిలో సాహా గారు పల్లెటూరి చిల్లర కొట్టువాని కొడుకు. ఇటువంటి పిల్లలే రాయ్ గారి ఆస్తి.

1936లో డెబ్బై ఐదేళ్ళ వయసులో రాయ్ గారు ప్రొఫెసరు పదవి వదిలారు. గది మాత్రం వదల్లేదు. కాలేజి వారు కూడా ఆయన్ని కదిలించలేదు. ఆ 1936లోనే ప్రెసిడెన్సీ కాలేజీ రసాయన శాఖకు కుద్రత్ ఎ ఖుదా గారు అధిపతి అయ్యారు. ఒకప్పుడు నెలకు 250 రూపాయల మీద రాయ్ గారు తాత్కాలికంగా చేరిన శాఖ అదే.

1944 జూన్ 16న సైన్సు కాలేజి మేడ మీది ఆ గదిలోనే రాయ్ గారు కన్నుమూశారు. చుట్టూ ఉన్నది శిష్యులే. రెండేళ్ళ తరువాత, 1946లో, కుద్రత్ ఎ ఖుదా గారు ప్రెసిడెన్సీ కాలేజి ప్రిన్సిపాలుగా వచ్చారు. దేశ విభజన తరువాత ఢాకా వెళ్ళి, అక్కడ ప్రయోగశాలలు నిలబెట్టి, జనపనార మీద, స్థానికంగా దొరికే ముడి సరుకుల మీద పరిశోధనలు నడిపి, సైన్సు పుస్తకాలు బెంగాలీలో రాస్తూ, 1972లో బంగ్లాదేశ్ మొదటి విద్యా కమిషన్ కు అధ్యక్షత వహించారు. ఆయన 1977లో చనిపోయేనాటికి ఆయన చేతికింద చదువుకున్నవారు ఢాకాలో పాఠాలు చెబుతున్నారు.